భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ

తెలుగు సాహిత్య చరిత్రకారులు 18వ శతాబ్ది చివరి పాదం నుండి సాగిన కాలాన్ని క్షీణయుగమని వ్యవహరించారు. విజయనగర వైభవం అప్పటికే అస్తమించింది. తంజావూరు నాయకరాజుల కొలువు ముగిసిపోయింది. కవిని పిలిచి కనకాభిషేకం చేయించే ప్రభువు కరవయ్యాడు. ఆ రోజులలో దక్షిణ రాయలసీమలో ఏ రాజాశ్రయమూ లేక, ఏ పండిత సభలోనూ అడుగుపెట్టక, ఒక స్త్రీ పద్యకావ్యాలు, ద్విపదలు, యక్షగానాలు, శతకం, తత్త్వకీర్తనలు కలిపి పదిహేనుకు పైగా కృతులు రచించింది. ఆమె తరిగొండ వెంగమాంబ. ఒక యుగానికి క్షీణమని పేరు పెట్టినంత మాత్రాన అందులోని ప్రతి గొంతూ క్షీణించిందని అనుకోరాదు.

గుర్రంకొండ దుర్గానికి, వాయల్పాడుకు చేరువలో ఉన్న చిన్న గ్రామం తరిగొండ. 2022 వరకు అది చిత్తూరు జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. ఆ ఊరి పేరు వెనుక ఒక కథ ఉంది. పెరుగు చిలుకుతున్న కుండలో కవ్వానికి అడ్డుపడి నృసింహస్వామి శిలారూపం దొరికిందనీ, చిలికే కుండను తరికుండ అంటారు కాబట్టి ఊరు తరికుండ అయి, క్రమంగా తరిగొండ అయిందనీ స్థానికులు చెప్పుకుంటారు. పాడీ పంటా తప్ప మరొకటి ఎరుగని ఆ సీమలో దేవుడు మజ్జిగ కుండలో నుండి పైకి రావడం వింతేమీ కాదు. ఆ లక్ష్మీనృసింహుడే వెంగమాంబకు తొలి దైవం, చివరి వరకు ఆమె కృతులలో ముద్రగా నిలిచిన దైవం.

ఆమె 1730లో కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు జన్మించింది. వారు నందవరీక బ్రాహ్మణులు. తిరుమల వేంకటేశ్వరుని అనుగ్రహం వలన కలిగిన బిడ్డ అన్న భావనతో ఆమెకు ఆ స్వామి పేరు పెట్టారు. వెంకమ్మ, వెంగమ్మ అన్న ఇంటి పిలుపే కాలక్రమాన వెంగమాంబ అయింది. ఆడపిల్లకు అక్షరాభ్యాసం చేయించే ఆచారం ఆ రోజులలో అరుదు. ఓనమాలు దిద్దే బడికి తాను పోలేదని, ఛందస్సు తనకు తెలియదని, తన చేత పలికించినవాడు తరిగొండ నృసింహుడేనని ఆమె తన గ్రంథాలలో చెప్పుకుంది. ఇది పోతన నుండి మొల్ల వరకు మన కవులు పాటించిన వినయ సంప్రదాయమే కావచ్చు. అయినా వెంగమాంబ విషయంలో ఇది వినయం మాత్రమే కాదు. గురువు దగ్గర కూర్చుని కావ్య నాటకాలు చదివే అవకాశం లేని వ్యక్తి తనకు అబ్బిన విద్యకు మూలం ఎక్కడ ఉన్నదని అడిగితే ఇంతకంటె నిజాయితీగల సమాధానం చెప్పడం కష్టం.

బాల్యంలో ఆటపాటల కంటె ఏకాంతమే ఆమెకు ఇష్టంగా ఉండేది. గుడిలోనో చెట్టు నీడనో కన్నులు మూసి కూర్చునే పిల్లను చూసి ఊరివారు మతి చలించిందని అనుకున్నారు. తండ్రి ఆమెను మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి వద్దకు పంపాడు. ఆయన ఆ పిల్లలోని సంస్కారాన్ని గుర్తించి ఆధ్యాత్మిక మార్గాన్ని ఉపదేశించాడు. తరువాతి కాలంలో ఆమె ఆయననే తన గురువుగా స్మరించింది.

కాలాచారం ప్రకారం చిన్నతనంలోనే ఆమెకు ఇంజేటి వేంకటాచలపతితో వివాహం జరిగింది. అనతి కాలంలోనే భర్త మరణించాడు. ఆమె జీవితంలో అసలు సంఘర్షణ ఇక్కడ మొదలవుతుంది.

ఆనాటి బ్రాహ్మణ కుటుంబాలలో భర్త పోయిన స్త్రీకి శిరోముండనం విధి. పసుపు కుంకుమలు, పూలు, గాజులు ఆమెకు నిషిద్ధం. శుభకార్యాలలో ఆమె ఎదురు పడరాదు. వితంతువులకు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లో గాని రాలేదు. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరులో, అంటే వెంగమాంబ మరణించిన అరవై నాలుగు సంవత్సరాలకు. కాబట్టి ఆమెకు ఆసరాగా నిలువదగిన చట్టం గాని, ఉద్యమం గాని, సంస్కర్త గాని ఆనాడు లేరు. ఉన్నది ఒక్క విశ్వాసం మాత్రమే. తన భర్త వేంకటేశ్వరుడనీ, ఆయన నిత్యుడనీ, అందుచేత తనకు వైధవ్యం లేదనీ ఆమె ప్రకటించింది. కుంకుమ తుడువలేదు. గాజులు తీయలేదు. తల ఇవ్వలేదు.

ఈ మాటను జాగ్రత్తగా గమనించాలి. వితంతువుకు కూడా అలంకారం ఉండవచ్చునని ఆమె వాదించలేదు. తాను వితంతువునే కాదని అన్నది. శాస్త్రంతో తలపడలేదు, శాస్త్రం తనకు వర్తించని చోట నిలబడింది. ఆధునిక కాలపు సంస్కరణ వాదానికీ ఆమె నడవడికీ ఉన్న భేదం ఇదే. కాని ఊరు ఈ భేదాన్ని పట్టించుకోలేదు. ఆచారం చెడిందని, ఇంటికి మచ్చ వచ్చిందని నిందించింది. తల్లిదండ్రులకు కూతురి మీద ప్రేమ ఒకవైపు, వెలి భయం మరొకవైపు. వెలి అంటే కేవలం అవమానం కాదు. పురోహితుడు గడప తొక్కడు, బంధువులు పంక్తిలో కూర్చోరు, శవం లేచినా భుజం పట్టేవారు ఉండరు.

ఈ వివాదం పుష్పగిరి పీఠాధిపతి వరకు వెళ్లిందని ఒక కథ ప్రచారంలో ఉంది. స్వామివారు తరిగొండకు విచ్చేసినప్పుడు గ్రామ పెద్దలు వెంగమాంబను ఆయన ఎదుట నిలిపారట. శిరోముండనం చేయించుకొనకుండా ఉండడం ధర్మవిరుద్ధమని ఆయన మందలించాడట. తీసిన జుట్టు మళ్లీ మొలుస్తున్నది కదా, మొలిపిస్తున్న దైవానికి ఇష్టం లేని పనిని మనుషులు ఎందుకు చేయాలని ఆమె అడిగిందట. నమస్కరించమంటే, ముందుగా ఆసనం మీద నుండి లేవవలసిందని ఆయననే కోరిందట. ఆయన లేవగా ఆమె ఆసనానికి మ్రొక్కిందనీ, వెంటనే అది భగ్గుమన్నదనీ కథ ముగుస్తుంది. దీనిని చరిత్రగా గ్రహించనవసరం లేదు. అయినా అధికారం ఒక పీఠం రూపంలో ఎదుట కూర్చున్నప్పుడు ఆ బాలవితంతువు తల వంచలేదన్న జ్ఞాపకాన్ని జనం తరతరాలుగా ఈ కథలో దాచుకున్నారు. అది మాత్రం చరిత్రే.

ఊరిలో ఆమెకు మిగిలిన చోటు నృసింహాలయం. అక్కడి ఆంజనేయ విగ్రహం వెనుక కూర్చుని ఆమె ధ్యానం చేసేదని చెబుతారు. ఆమె తొలి రచన నృసింహ శతకం ఈ దశలో వెలువడిందే. నృసింహవిలాసకథ, శివనాటకం, బాలకృష్ణనాటకం కూడా ఆమె తిరుమల చేరక ముందు రచించినవే. ఇంట మాట పడి, ఊర మాట పడి, గుడిలో కూర్చున్న యువతి యక్షగానాలు వ్రాసిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. యక్షగానం ఒంటరితనపు ప్రక్రియ కాదు. అందులో పాత్రలుంటాయి, దరువులుంటాయి, వినే జనం ఉంటారు. తనను దూరంగా ఉంచిన ఊరివారు పాడుకొనడానికి అనువైన భాషలోనే ఆమె రచించింది.

అయితే అర్చకునికి ఆమె ఉనికి నచ్చలేదు. విగ్రహం వెనుక ధ్యానంలో ఉన్న ఆమెను నిందించి బయటకు పంపాడని ప్రతీతి. ఇక తరిగొండలో ఉండడం సాధ్యం కాలేదు. తాను నమ్మిన దైవం సన్నిధి నుండే తనను వెళ్లగొట్టడం ఏ భక్తునికైనా కఠినమైన పరీక్ష. దైవం తన పక్షాన లేడని అనుకొనడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. ఆమె అలా అనుకోలేదు. నృసింహుడు, వేంకటేశ్వరుడు ఒక్కరేనన్న భావంతో ఆమె తిరుమల దారి పట్టింది.

ఆ దారి ఎటువంటిదో ఊహించడానికి కాలపరిస్థితులు కొంత తెలియాలి. 1740లో మరాఠా సేనాని రఘూజీ భోంస్లే దామలచెరువు కనుమ వద్ద ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖానును ఓడించి చంపినప్పుడు వెంగమాంబకు పది సంవత్సరాలు. ఆ తరువాత కడప నవాబులు, మరాఠాలు, మైసూరు హైదరాలీ, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఈ సీమ మీదుగా సైన్యాలు నడిపారు. గుర్రంకొండ చేతులు మారుతూ వచ్చింది. తిరుమల ఆలయ ఆదాయాన్ని ఆర్కాటు నవాబు తన యుద్ధాల అప్పుకింద ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. యాత్రికులు గుంపులుగా తప్ప కదలని రోజులవి. అటువంటి కాలంలో మగతోడు లేని స్త్రీ కొండ కోనలు దాటి వెళ్లి, బంధువులు లేనిచోట జీవనం ఆరంభించింది.

తిరుమలలో ఆమెకు ఆదరణ లభించింది. హథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు ఆమెకు వసతి కల్పించాడు. తాళ్లపాక అన్నమాచార్యుల వంశీయులు కూడా ఆమెను అభిమానించారు. ఉత్తర దేశపు బైరాగుల మఠం ఒకవైపు, సంకీర్తనకు పుట్టినిల్లయిన వైష్ణవ కుటుంబం మరొకవైపు ఆమెను అక్కున చేర్చుకొనడం గమనింపదగిన విషయం. సొంత ఊరిలో సొంత కులం వారు ఇవ్వని చోటు పరాయివారు ఇచ్చారు. మాడవీధిలో చిన్న ఇల్లు, తులసివనం, రచన, స్వామి సేవ. ఆమె జీవితంలో తొలిసారిగా కొంత స్థిమితం ఏర్పడింది.

రాత్రి ఆలయం తలుపులు మూసిన తరువాత ఆమె స్వామికి హారతి ఇచ్చేదనీ, ఆ హారతిలో ముత్యాలు సమర్పించేదనీ, మరునాటి ఉదయం తలుపులు తెరిచేసరికి గర్భాలయంలో ఆ ముత్యాలు కనిపించేవనీ జనశ్రుతి. మరొక కథ రథోత్సవానికి సంబంధించినది. వీధిలో ఆమె హారతి ఇవ్వడానికి వీలులేదని కొందరు అడ్డుపడగా, రథం ఆమె ఇంటి ముందు కదలకుండా నిలిచిపోయిందట. ఎందరు లాగినా చక్రం దొర్లలేదట. చివరికి ఆమెను పిలిచి హారతి ఇప్పించిన తరువాతనే రథం సాగిందట. ఈ కథలన్నింటిలోనూ ఒక సామాన్య లక్షణం కనబడుతుంది. మనుషులు మూసిన తలుపు దైవం వైపు నుండి తెరుచుకుంటుంది. అధికారం గలవారు ఆమెను బయట నిలిపిన ప్రతిసారీ స్వామి తానే బయటకు వస్తాడు.

సుఖం ఎక్కువ కాలం సాగలేదు. పొరుగున ఉన్న ఒక అర్చకునికి ఆమె మీద ద్వేషం కలిగిందనీ, ధ్యానం చేసుకునే చోట ఎంగిలి విస్తళ్లు పడవేయించేవాడనీ చెప్పుకుంటారు. ఆమె తిరుమల వీధులు కూడా విడిచి తుంబురు కోనకు వెళ్లిపోయింది. పాపవినాశనం దాటి, అడవిలో మైళ్లకొద్దీ నడిస్తే వచ్చే లోతైన లోయ అది. రెండు కొండలు చీలినట్లుండే ఆ ఇరుకులో నుండి తుంబురు తీర్థం ప్రవహిస్తుంది. సంవత్సరానికి ఒకసారి ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తుంబురు తీర్థ ముక్కోటికి నేడు కూడా యాత్రికులు శ్రమకోర్చి అక్కడికి వెళతారు. అటువంటి చోట ఆమె ఆరు సంవత్సరాలు యోగసాధనలో గడిపిందని సంప్రదాయం చెబుతుంది.

ఈ వనవాసం ఆమె సాహిత్యంలో ఒక మలుపు. తరిగొండలో ఆమె దైవం ఎదుట ఉన్న మూర్తి. పిలిస్తే పలికేవాడు, అలిగితే బుజ్జగించేవాడు. పరిణత దశలోని వాసిష్ఠ రామాయణం, అష్టాంగయోగసారం వంటి కృతులలో దృష్టి లోపలికి తిరిగింది. గుడి నుండి గెంటివేయబడిన వ్యక్తి గుడి అవసరం లేని దైవాన్ని వెదకుకొనడం సహజమే. కాని ఆమె మొదటి దైవాన్ని వదులుకోలేదు. అద్వైతాన్ని చెబుతూనే హారతి పళ్లెం పట్టుకుంది. జ్ఞానం వచ్చిన తరువాత భక్తి అక్కరలేదని వాదించే పండితులకు ఆమె జీవితం కొంత ఇబ్బంది కలిగిస్తుంది.

వాసిష్ఠ రామాయణాన్ని ఆమె ద్విపదలో రచించింది. వైరాగ్యంతో కుంగిన యువ రామునికి వసిష్ఠుడు చేసిన తత్త్వోపదేశం అందులోని వస్తువు. పూర్వం మడికి సింగన ఇదే విషయాన్ని పద్యాలలో తెనిగించాడు. ద్విపద చదువురాని వారికి కూడా చెవికెక్కే ఛందస్సు. దంపుళ్ల వద్ద, భజనగోష్ఠులలో పాడుకొనడానికి వీలైనది. కఠినమైన వేదాంతానికి ఆమె ఈ తేలిక నడకను ఎన్నుకొనడంలో ఔచిత్యం ఉంది. భాగవతాన్ని కూడా ఆమె ద్విపదలో పాడింది. చెంచునాటకంలో నృసింహునికీ చెంచు యువతికీ నడిచిన ప్రణయాన్ని, గోపికానాటకంలో కృష్ణలీలను జానపద శైలిలో చిత్రించింది. రాయలసీమ పల్లెలలోని పలుకుబడి ఈ నాటకాలలో స్వేచ్ఛగా వినిపిస్తుంది.

ఆమె కృతులలో ఎక్కువ ప్రచారం పొందినది వేంకటాచల మాహాత్మ్యం. వరాహ, భవిష్యోత్తరాది పురాణాలలో చెదురుగా ఉన్న క్షేత్రకథలను కూర్చి రచించిన పద్యకావ్యం ఇది. వకుళాదేవి పోషణలో శ్రీనివాసుడు పెరగడం, వేటకు వెళ్లి పద్మావతిని చూడడం, ఆకాశరాజు కన్యాదానం, పెళ్లి ఖర్చుకు కుబేరుని వద్ద అప్పు చేయడం మొదలైన ఘట్టాలను తెలుగు ఇంటి పెళ్లి ముచ్చటగా ఆమె తీర్చింది. పెళ్లి సంబరం తనకు దక్కని స్త్రీ స్వామి పెళ్లిని ఇంత ఉల్లాసంగా వర్ణించడం చదువరిని ఒక్క క్షణం ఆలోచింపజేస్తుంది. ఆమె చూపులో అది మరొకరి పెళ్లి కాదేమో.

వెంగమాంబకు సమకాలికురాలు ముద్దుపళని. తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండి ఆమె రాధికాసాంత్వనం రచించింది. ఒకరు కొలువులో, ఒకరు కోనలో. ఒకరు శృంగారాన్ని, మరొకరు వైరాగ్యాన్ని ఆశ్రయించినా, ఇద్దరి కథానాయకుడూ కృష్ణుడే. తాళ్లపాక తిమ్మక్క, మొల్ల, రంగాజమ్మల తరువాత తెలుగు కవయిత్రుల వరుసలో ఈ ఇద్దరి స్థానం పక్కపక్కనే ఉంది.

తుంబురు కోన నుండి ఆమె మరల తిరుమల చేరింది. అడవిలో ఉన్న కాలంలో ఆమె ఒక గుహామార్గం గుండా ప్రతి రాత్రి ఆలయానికి వచ్చి వెళ్లేదని భక్తులు నమ్ముతారు. తిరిగి వచ్చిన వెంగమాంబను ఆలయవర్గాలు గౌరవంతో ఆహ్వానించాయి. శిష్యులు ఏర్పడ్డారు. ఆమె కృతులకు ప్రతులు వ్రాసుకున్నారు. ఏటేటా నృసింహ జయంతి ఉత్సవాలను ఆమె జరిపించి, కొండకు వచ్చిన యాత్రికులకు అన్నదానం చేసింది. దాని కోసం దాతలు విరాళాలు సమర్పించారు. ఒకనాడు ఎంగిలి విస్తళ్ల అవమానం భరించిన స్త్రీ ఇంటి ముందు ఇప్పుడు భోజనపు విస్తళ్లు పరచుకున్నాయి. బయటి ప్రపంచం ఈలోగా మారిపోతూనే ఉంది. 1782లో హైదరాలీ చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట వద్ద మరణించాడు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయింది. 1801లో ఆర్కాటు రాజ్యంతో పాటు తిరుమల ఆలయ పాలన కూడా కంపెనీ చేతికి వచ్చింది. ఇన్ని ప్రభుత్వాలు మారుతుండగా కొండపై ఒక వృద్ధురాలు తులసి కోస్తూ, ద్విపద చెబుతూ, హారతి ఇస్తూ ఉండిపోయింది.

1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమి నాడు, ఎనభై ఏడవ ఏట ఆమె తనువు చాలించింది. సజీవ సమాధి పొందిందని భక్తుల విశ్వాసం. ఆలయానికి ఉత్తర దిశలో ఆమె బృందావనం ఉంది.

శ్రీవారికి రాత్రి జరిగే చివరి సేవ ఏకాంతసేవ. శయనమండపంలో వెండి గొలుసుల నుండి వేలాడే బంగారు మంచంపై భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేస్తారు. అప్పుడు అన్నమాచార్యుల వంశీయులు లాలి పాడతారు. తరువాత వెంగమాంబ పేర ముత్యాల హారతి జరుగుతుంది. హారతి పళ్లెంలో ముత్యాలతో దశావతారాలలో ఒక రూపాన్ని తీర్చి తెస్తారు. లాలి తాళ్లపాకవారిది, హారతి తరిగొండవారిది అన్న నానుడి దీనివలన పుట్టింది. భోగ శ్రీనివాసుని ఆ వెండిమూర్తిని ఆలయానికి సమర్పించినది పల్లవ రాణి సామవై. రాణి ఇచ్చిన మూర్తికి, ఊరు వెలివేయబోయిన వితంతువు పేర హారతి.

తిరుమల తిరుపతి దేవస్థానం కొండపై నిర్మించిన విశాలమైన అన్నప్రసాద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టింది. 2011 జూలైలో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ దానిని ప్రారంభించారు. దర్శనం ముగించుకొని వచ్చిన యాత్రికులు కులం, ప్రాంతం, భాష అన్న భేదం లేకుండా అక్కడ ఒకే పంక్తిలో కూర్చుంటారు. వడ్డన ఉదయం మొదలై రాత్రి వరకు సాగుతుంది.